నేను కాల్చిన సీరియల్ పోర్టు

మా నాన్న కొత్తగూడెం బొగ్గు బాయిల్లో దిగి ఎక్కి ముప్పై ఏళ్లు గడిపాడు. కొడుకు మాత్రం నీడపట్టున కూర్చుని చేసే పనిలో ఉండాలని ఆయన పంతం. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, రెండేళ్లు టీవీలు, టేప్ రికార్డర్లు బాగుచేసుకుంటూ తిరిగాను. ఆ తర్వాత అశ్వారావుపేట వైపు పోయే రోడ్డు మీద కొత్తగా వెలిసిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. టేకు అడవి పలచబడి పామాయిల్ తోటలు మొదలయ్యే చోట ఉండేది ఆ కాలేజీ. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి.

నాన్న కాలనీలో ఎదురుపడిన ప్రతివాడికీ "మావోడు కాలేజీల సారు" అని చెప్పుకునేవాడు. నేను సారును కాను. సార్లు పాఠం చెబుతారు. నేను పొద్దున్నే తాళాలు తీసి, ఫ్యాన్లు వేసి, కిట్లు బల్లల మీద సర్ది, సాయంత్రం మళ్లీ బీరువాలో పెట్టేవాణ్ని. పిల్లలు మాత్రం నన్ను కూడా సార్ అనే పిలిచేవారు. ఆ పిలుపు నాకు ఇష్టంగా ఉండేది.

నా చేతికింద ఉన్నది మైక్రోకంట్రోలర్ ల్యాబ్. మైక్రోకంట్రోలర్ అంటే వేలెడంత నల్లటి చిప్పు. ఇరువైపులా ఇరవై చొప్పున కాళ్లు. కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రామును దాని లోపలికి ఎక్కిస్తే, ఇక కంప్యూటర్‌తో పని లేకుండా అదే లైటు వెలిగిస్తుంది, మోటారు తిప్పుతుంది. అలా ఎక్కించడాన్ని పిల్లలు 'డంప్ చేయడం' అంటారు. డంప్ చేసే పెట్టెను ప్రోగ్రామర్ అంటారు. అరచేతి కన్నా కొంచెం పెద్దది. పైన చిన్న మీట ఉన్న సాకెట్ ఉంటుంది. మీట ఎత్తి చిప్పును కూర్చోబెట్టి, మీట దించితే కాళ్లన్నింటినీ పట్టుకుంటుంది. దాని వెనక నుంచి ఒక కేబుల్ కంప్యూటర్ సీరియల్ పోర్టులోకి పోతుంది. తొమ్మిది సూదులు, రెండు పక్కలా బిగించడానికి రెండు చిన్న మరలు.

ఆ కేబుల్ పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. కంప్యూటర్, ప్రోగ్రామర్ రెండూ బంద్ చేయాలి. కేబుల్ పెట్టి మరలు బిగించాలి. ఆ తర్వాతే కరెంటు వేయాలి. ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టినట్టు నడుస్తున్న కంప్యూటర్‌కు గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు. మా ల్యాబ్‌లో ఈ భయం మరీ ఎక్కువ. ఆ భవనానికి ఎర్తింగ్ సరిగ్గా లేదు. ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోయినప్పుడు కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి వేస్తే జుమ్మని లాగేది. ప్రతి సోమవారం నేనే బకెట్టు నీళ్లు మోసుకుపోయి ఆ గుంతలో పోసేవాణ్ని. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజే "రెండు బంద్ జేసినంకనే కేబుల్ ముట్టాలె" అని చెప్పేవాణ్ని. ఇదంతా ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, నేను తెలియక తప్పు చేశానని ఎవరూ అనుకోకూడదు.

చేరిన మూడో ఏట కాలేజీకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. అట్టపెట్టెలు విప్పి, వెనక్కి తిప్పి చూశాను. అన్నీ యూఎస్‌బీ పోర్టులే. సీరియల్ పోర్టు ఒక్కదానికీ లేదు. మా ప్రోగ్రామర్లు రెండూ సీరియల్‌వి. హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లాను. ఆయన మా డిపార్ట్‌మెంట్‌కు పెద్ద, కోస్తా నుంచి వచ్చిన మనిషి.

"సార్, వీటికి మన ప్రోగ్రామర్లు తగలవు. పాత కంప్యూటర్లు కొన్ని ఉంచుదాం."

"పాతవి ఆఫీసు వాళ్లు పట్టుకెళ్లారు కదయ్యా. రెండు మిగిలాయి. చాలవా?"

"మస్తుమంది పిల్లలు సార్."

"అందులో డంప్ చేసేదెవరు? అందరూ హైదరాబాద్ వెళ్లి ప్రాజెక్టులు కొనుక్కొచ్చేవాళ్లేగా?"

అది అబద్ధం కాదు. ఫైనలియర్ పిల్లలు నలుగురేసి కలిసి హైదరాబాద్ వెళ్లి, చిప్పులో ప్రోగ్రాము ఎక్కించి ఉన్న ప్రాజెక్టు కొనుక్కొచ్చేవారు. ఏ స్విచ్ నొక్కితే ఏమవుతుందో బస్సులో బట్టీ పట్టేవారు. సార్లకు తెలుసు, నాకూ తెలుసు. అడిగేవాడు లేడు. మిగిలిన రెండు పాత కంప్యూటర్లలో ఒకటి ఆ వానాకాలమే పోయింది. రెండో ప్రోగ్రామర్ సాకెట్ వదులై మూలన పడింది. ఒక కంప్యూటర్, ఒక ప్రోగ్రామర్. మా ల్యాబ్ మొత్తం అంతే.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫైనలియర్ అమ్మాయి ఒకామె ల్యాబ్ గుమ్మంలో నిలబడింది. దమ్మపేట అవతల తండా ఆమెది. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. తండ్రికి కొద్దిపాటి పామాయిల్ తోట, ఒక బోరు.

"సార్, నాది సొంత ప్రాజెక్ట్. డంప్ చేసుకోనిస్తరా?"

"ఏం ప్రాజెక్టమ్మా?"

"మోటర్ స్టార్టర్ సార్. మూడు ఫేజులు వచ్చినయా లేదా చూస్తది. వోల్టేజీ సక్కగుంటేనే మోటర్ ఏస్తది. నడిమిట్ల ఒక ఫేజు పోతే బంద్ జేస్తది."

"అది బజార్ల దొరుకుతది గద."

"అవ్ సార్, దొరుకుతది. మా నాయిన తెచ్చి పెట్టిండు. పోయిన వానకాలం కాలిపోయింది. దాంట్ల ఏముందో అమ్మినోనికి గూడ తెల్వది. నేను జేస్తే నాకు తెలుస్తది గద. పాడైతే నేనే బాగుజేస్త."

టీవీలు విప్పుకుంటూ బతికిన నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. మూడేళ్లలో మా ల్యాబ్‌కు వచ్చి అలా మాట్లాడిన మొదటి మనిషి ఆమె. హెచ్‌ఓడీకి చెప్పకుండానే, భోజనాల గంటలో వచ్చి చేసుకోమన్నాను. గోడకు వేలాడే రిజిస్టర్‌లో పేరు, టైము రాసి సంతకం పెట్టాలన్నాను. రోజూ రాసేది, గుండ్రటి అక్షరాలతో.

మొదటి రోజే స్క్రీన్ మీద 'డివైస్ నాట్ ఫౌండ్' అని వచ్చింది. వేరే పిల్లలైతే "సార్, అస్తలేదు" అని నన్ను పిలిచేవారు. ఆమె పిలవలేదు. రెండూ బంద్ చేసి, బల్ల వెనక్కి వంగి, కేబుల్ తీసి చూసింది. ఒక సూది కొంచెం వంగి ఉంది. జడపిన్నుతో నెమ్మదిగా నిలబెట్టి, మళ్లీ పెట్టి, మరలు బిగించి, అప్పుడు కరెంటు వేసింది. ఈసారి ప్రోగ్రాము ఎక్కింది.

"ఎవరు నేర్పిచ్చిండ్రమ్మా గిట్ల?"

"మీరే సార్. ఫస్ట్ రోజు చెప్పిండ్రు గద."

రెండు నెలలు అలా గడిచాయి. ఆమెకు సోల్డరింగ్ రాదు; అతుకులు శనగగింజల్లా ఉబ్బి ఉండేవి. నేను పక్కన కూర్చుని నేర్పించాను. మోటారుకు బదులు రిలే అనే ఒక చిన్న కరెంటు స్విచ్చు, మూడు ఫేజులకు బదులు మూడు బల్బులు పెట్టుకుంది. ఒకరోజు మూడు బల్బులూ వెలుగుతుండగా నేను ఒకదాన్ని విప్పాను. రిలే టక్కుమని పడి కరెంటు ఆపేసింది.

"పడ్డది సార్!" అని ఆమె లేచి నిలబడింది. "మా నాయినకు జూపియ్యాలె. ఇగ ఒక్కటే ఉంది సార్. కరెంటు రాంగనే ఏస్తే ఊరి మోటర్లన్ని ఒక్కసారే లేస్తయి, వోల్టేజీ పడిపోతది. కొంచెం సేపు ఆగి ఎయ్యాలె. అది రాస్తే అయిపోయినట్టే."

అది రాసే లోపే ఇన్‌స్పెక్షన్ వచ్చింది.

కాలేజీకి అనుమతి పొడిగించడానికి కమిటీ వస్తుందన్నారు. వారం రోజులు గోడలకు సున్నాలు, తలుపులకు రంగులు. నేను చార్టులు అంటించాను, బీరువాలు తుడిచాను. ఆ హడావుడిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం మరిచాను. ముందురోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చి చివరిసారి డంప్ చేసుకుని, రెండూ బంద్ చేసి, కేబుల్ తీసి, చుట్టి పెట్టి వెళ్లింది. నేను అక్కడే ఉన్నాను. కమిటీకి కనబడేలా ఆ కంప్యూటర్‌ను ముందు బల్ల మీదికి మార్చమని హెచ్‌ఓడీ చెప్పాడు కాబట్టి నేనే ఆమెతో కేబుల్ తీయించాను.

మర్నాడు పొద్దున పదకొండు గంటలకు వస్తారన్నవాళ్లు పదింటికే గేటు దగ్గరికి వచ్చారు. హెచ్‌ఓడీ పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకా కాలేదా? వచ్చేశారయ్యా! డంప్ చేసి చూపించమంటే ఏం చూపిస్తావు?"

కంప్యూటర్ అప్పటికే ఆన్ చేసి ఉంది. ప్రోగ్రామర్‌లో ఎర్ర లైటు వెలుగుతోంది. రెంటికీ మధ్య కేబుల్ లేదు. బల్ల మార్చినప్పుడు పెట్టడం మరిచాను. బంద్ చేసి మళ్లీ ఆన్ చేస్తే ఆ పాత కంప్యూటర్ లేవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడుతోంది. కేబుల్ చేతిలోకి తీసుకున్నాను. తప్పని తెలుసు. ఒక్కసారికి ఏమీ కాదనుకున్నాను. బల్ల వెనక్కి చెయ్యి పెట్టి, చూడకుండా, తడుముకుంటూ గుచ్చాను. చిటుక్కుమంది. నీలంగా ఒక చిన్న నిప్పురవ్వ. ప్రోగ్రామర్ లైటు ఆరిపోయింది.

కమిటీ వాళ్లు ముగ్గురు లోపలికి వచ్చారు. ఒకాయన చార్టు చదివాడు. ఒకాయన కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయని అడిగాడు. మూడో ఆయన ఫ్యాన్ కింద నిలబడి చెమట తుడుచుకున్నాడు. పట్టుమని మూడు నిమిషాలు ఉండలేదు. డంప్ చేసి చూపించమని ఎవరూ అడగలేదు. ఆ బల్ల వైపు ఎవరూ చూడనే లేదు.

వాళ్లు వెళ్లాక హెచ్‌ఓడీ తిరిగి వచ్చాడు. ఆఫీసు నుంచి ఇంకో ఇద్దరు ఆయన వెంట ఉన్నారు.

"ప్రోగ్రామర్ వెలగట్లేదేంటి?"

"పోయింది సార్. కంప్యూటర్ పోర్టు గూడ పోయినట్టుంది."

"ఎట్లా పోయింది?"

ఆయన గోడకున్న రిజిస్టర్ తీసి ఆఖరి పేజీ తిప్పాడు. ఆఖరి పేరు ఆ అమ్మాయిది.

"ఈ అమ్మాయేనా నిన్న వాడింది? కరెంటు ఉండగానే కేబుల్ పీకి ఉంటుంది. అంతేనా?"

"తెల్వదు సార్" అన్నాను.

"తండాల నుంచి వచ్చి మెషీన్ల మీద పడతారు. చెప్పినా ఎక్కదు" అన్నాడాయన, ఆఫీసు వాళ్ల వైపు చూస్తూ. నేను విన్నాను. ఆ మాటకూ ఏమీ అనలేదు.

ఆ రెండు ముక్కలు ఎందుకు అన్నానని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. నాన్న అప్పటికే రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి కిరాయి ఇంట్లోకి మారాం. ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్నే. కాలేజీ వాళ్లు కారణం చూపకుండా ఇద్దరు టెక్నీషియన్లను అంతకుముందే తీసేశారు. ఇవన్నీ నిజాలే. కానీ ఆ క్షణంలో ఇవేవీ నా మనసులోకి రాలేదు. నోరు తెరిచాను, అబద్ధం దానంతటదే వచ్చింది. నాన్నను, ఇంటిని తర్వాత తెచ్చి దాని పక్కన నిలబెట్టుకున్నాను.

మరుసటి రోజు ఆ అమ్మాయిని హెచ్‌ఓడీ గదికి పిలిచారు. ల్యాబ్‌లో అడుగు పెట్టకూడదన్నారు. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాయాలి, తండ్రిని తీసుకురావాలి. లేకపోతే ఇంటర్నల్ మార్కులు ఉండవన్నారు.

రెండు రోజుల తర్వాత తండ్రి వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, పామాయిల్ మట్టల ముళ్లు గీరుకుపోయిన ముంజేతులు. హెచ్‌ఓడీ ఆయన్ను లోపలికి పిలవలేదు. తానే గుమ్మం దాకా వచ్చి, వరండాలో అందరికీ వినబడేలా మాట్లాడాడు. లక్షణంగా ఉన్న మెషీన్‌ను మీ అమ్మాయి తగలబెట్టింది అన్నాడు.

"పిల్ల తెల్వక జేసింది సార్" అని ఆయన రెండు చేతులూ జోడించాడు. "ఇగ ముట్టది. ఈ ఒక్కపారికి ఇడిసిపెట్టుండ్రి."

"నేను జెయ్యలే నాయినా" అంది అమ్మాయి పక్క నుంచి.

"ఊకో" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

అక్కడే నిలబడి ఆమె కాగితం రాసింది. నేను పది అడుగుల దూరంలో ల్యాబ్ తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. వెళ్లిపోతూ తండ్రి నా దగ్గర ఆగాడు.

"మీరేనా సార్ ల్యాబు సారు? మా పిల్ల ఇంట్ల మీ గురించి మస్తు చెప్తది. మీరు దగ్గరుండి నేర్పిచ్చిండ్రట. నిజంగ ఆమెనే కరాబు జేసిందా సార్?"

నాతో మర్యాదగానే మాట్లాడాడు. నిజం కావాలని అడిగాడు. ఆయన అడిగింది నన్నొక్కణ్నే.

"పెద్ద సార్ చెప్పిండు గద" అన్నాను.

ఆయన తల ఊపి, కూతుర్ని ముందు నడవమని, బస్సు ఎక్కడానికి రోడ్డు వైపు వెళ్లిపోయాడు.

చేసిన దాన్ని బాగు చేస్తే సరిపోతుందనే భ్రమ కొన్నాళ్లు పెట్టుకున్నాను. ప్రోగ్రామర్ విప్పి, అందులో కాలిపోయిన చిన్న ఐసీ చిప్పు మార్చాను. అది బతికింది. కంప్యూటర్ పోర్టు మాత్రం బోర్డులోనే కాలిపోయింది, నా చేతిలో లేదు. ఖమ్మం వెళ్లి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కన్వర్టర్ కొన్నాను. ఒక చివర యూఎస్‌బీ, రెండో చివర తొమ్మిది సూదులు, వెంట ఒక చిన్న సీడీ.

అది కొన్న మర్నాడు సాయంత్రం బస్టాప్‌లో ఆ అమ్మాయిని పలకరించాను.

"కన్వర్టర్ తెచ్చిన. నీ చిప్పు ఇయ్యి. కొత్త కంప్యూటర్ల నేనే డంప్ జేసి ఇస్త."

ఆమె బ్యాగు రెండో భుజానికి మార్చుకుంది.

"సార్, ఒక్కటి అడుగుత. ఆ రోజు నేను రెండు బంద్ జేసే కేబుల్ తీసిన. మీరు అక్కడనే ఉన్నరు. చూసిండ్రు గద?"

"అవ్. చూసిన."

"మరి పెద్దసారుకు ఎందుకు చెప్పలే?"

"టైం జూసి చెప్త."

"ఎప్పుడు సార్?"

దమ్మపేట బస్సు వచ్చింది. ఎక్కింది. చిప్పు ఇవ్వలేదు.

ఇచ్చినా ఉపయోగం లేకపోయేదని తర్వాత తెలిసింది. కన్వర్టర్ పెట్టి, సీడీలోని సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే కంప్యూటర్ దాన్ని ఏడో నంబరు పోర్టుగా చూపించింది. మా పాత డంపింగ్ సాఫ్ట్‌వేర్‌కు నాలుగు దాటి తెలియదు. సెట్టింగుల్లోకి పోయి దాన్ని మూడో నంబరుకు మార్చాను. డంపింగ్ మొదలైంది. కొద్దిగా ఎక్కి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అక్కడే ఆగింది. వారం పాటు రోజూ అదే. పాత పోర్టు అక్షరం వెంట అక్షరం సరిగ్గా సమయానికి పంపుతుంది. ఈ కన్వర్టరేమో మూటలు కట్టి పంపుతుంది. ఆ తేడా మా పాత పెట్టె తట్టుకోలేదు. ఇది అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. కన్వర్టర్‌ను సొరుగులో పడేశాను.

ఆమె సొంత ప్రాజెక్టు అక్కడితో ఆగింది. హెచ్‌ఓడీ ఆమెను హైదరాబాద్‌లో కొనుక్కొచ్చిన ప్రాజెక్టు ఉన్న ఒక బ్యాచ్‌లో ఐదో మనిషిగా కలిపాడు. నేల మీద నల్లటి గీత వెంట నడిచే చిన్న బండి అది. వైవాకు బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. బల్లలు సర్దడానికి నేను ఆ గదిలో ఉన్నాను. బండి గీత మీద బాగానే నడిచింది. ఎగ్జామినర్ మొదటి నలుగురినీ ఏదో అడిగాడు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈమెను అడిగితే బండి గీతను ఎలా కనిపెడుతుందో చక్కగా చెప్పింది. ఆయనకు ముచ్చటేసినట్టుంది.

"గుడ్. ఈ చిప్పులోకి ప్రోగ్రాము ఎట్లా ఎక్కించారమ్మా? ఏ పోర్టు వాడారు?"

"మేము ఎక్కియ్యలే సార్" అంది. "కొన్నప్పుడే ఎక్కిచ్చి ఉంది."

హెచ్‌ఓడీ ముఖం కందగడ్డలా అయింది. ఎగ్జామినర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఏదో రాసుకుని, వెళ్లమన్నాడు. బయట వరండాలో ఆ బ్యాచ్ పిల్లలు ఆమె మీద పడ్డారు. "నీకేం పోయేకాలం? అబద్ధం చెప్తే ఏమైతుండె?" అని అరుస్తున్నారు. నేను కుర్చీలు మోస్తూ వాళ్ల పక్క నుంచే నడిచాను. ఆమె నన్ను చూసింది. తల దించుకున్నది నేను.

ఆమె బ్యాచ్ వెళ్లిపోయాక యూఎస్‌బీ ప్రోగ్రామర్లు వచ్చాయి. అరచేతిలో సగం ఉండేవి. వేరే అడాప్టర్ అక్కర్లేదు, కంప్యూటర్ నుంచే కరెంటు తీసుకుంటాయి. నడుస్తుండగా పెట్టినా తీసినా ఏమీ కాదు. పిల్లలు మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, చూడకుండానే గుచ్చేవారు, పీకేవారు. మొదటి రోజు చెప్పడానికి నా దగ్గర ఇక ఏ పద్ధతీ లేకపోయింది. వాళ్లు అలా పీకిన ప్రతిసారీ నా చూపు ప్రోగ్రామర్ లైటు మీదికి పోయేది.

ఇంకో ఏడాదికి హెచ్‌ఓడీ వేరే కాలేజీకి వెళ్లిపోతున్నాడని తెలిసింది. ఆయన గదిలో పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతుండగా వెళ్లాను. ఇప్పుడైనా చెప్పకపోతే ఇక చెప్పలేననిపించింది.

"సార్, అప్పుడు ఆ సీరియల్ పోర్టు కాలింది నా చేతుల్లనే. ఆ పిల్ల కాదు."

ఆయన పుస్తకం మీది దుమ్ము దులిపాడు.

"తెలుసయ్యా."

నాకు అర్థం కాలేదు.

"నేను గుమ్మంలోనే ఉన్నాను కదా. నిప్పురవ్వ నేనూ చూశాను."

"మరి ఆ పిల్లను ఎందుకు సార్..."

"నీ పేరు చెబితే మేనేజ్‌మెంట్ నిన్ను ఆ రోజే తీసేసేది. నీ బదులు ఈ అడవిలోకి ఎవడొస్తాడు? స్టూడెంట్ అయితే నాలుగు తిట్టి వదిలేస్తారు. నేను తొందరపెట్టబట్టి జరిగిందని నా మీదకూ రాదు. ఎవరికి నష్టం చెప్పు?"

ఆయన ముఖంలో ఏ కోపమూ లేదు. నాకు ఉపకారం చేశానని నిజంగానే నమ్ముతున్నాడు. నేను కృతజ్ఞత చెబుతానని ఎదురుచూస్తున్నాడు. ఇన్నాళ్లూ నేను దాచిపెట్టానని అనుకున్నది ఆయన ముందే చూసి, తూచి, పక్కన పెట్టాడు. ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే ఆయన ఏం చేసేవాడో తెలియదు. నేను చెప్పనని మాత్రం ఆయనకు ముందే తెలుసు.

"థాంక్స్ సార్" అన్నాను. నోటికి అలవాటైన మాట. ఆ మాట మీద ఈరోజుకీ నాకు అసహ్యం.

మేము తర్వాత అశ్వారావుపేటకు ఇల్లు మార్చాం. నివాస సర్టిఫికెట్ కోసం మండలాఫీసుకు వెళ్తే, కిటికీ వెనక కంప్యూటర్ ముందు ఆ అమ్మాయి కూర్చుని ఉంది. కాంట్రాక్టు ఆపరేటర్‌గా చేస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేర్లు, ఊళ్లు, కులాలు టైపు చేసే పని.

"బాగున్నరా సార్?" అంది, కాగితాలు అందుకుంటూ.

నా వెనక లైన్లో నలుగురున్నారు. అయినా ఆగలేకపోయాను.

"అమ్మా, ఆ రోజు పోర్టు కాల్చింది నేనే."

కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగాయి. నా వైపు కాకుండా స్క్రీన్ వైపే చూస్తూ అంది:

"నాకెందుకు చెప్తున్నరు సార్? నేను జెయ్యలేదని నాకెరికే గద. మా నాయినకు చెప్పుండ్రి."

"వస్త. ఎప్పుడు రమ్మంటవ్?"

"ఆదివారం ఇంట్లనే ఉంటడు."

సర్టిఫికెట్ ప్రింటు తీసి, స్టాంపు వేయించి నా చేతికిచ్చి, "ఎవరున్నరు, రండి" అని వెనకాయన్ను పిలిచింది.

ఆదివారం దమ్మపేట దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లి, తోటల మధ్య నడిచి తండా చేరాను. ఆమె ఇంట్లో లేదు. ఏదో పరీక్ష ఉందని ఖమ్మం పోయిందన్నాడు తండ్రి. నేను ఎవరో గుర్తుపట్టి, మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఈసారి తడబడకుండా అంతా చెప్పాను. కేబుల్ నేనే పెట్టానని, కరెంటు బంద్ చేయకుండా పెట్టానని, ఆయన వరండాలో నన్ను అడిగినప్పుడు కూడా నాకు తెలుసని.

ఆయన ముంజేతి మీది గీరలను బొటనవేలితో రుద్దుకున్నాడు.

"ఆ రోజు బస్సు దిగి ఇంటికొచ్చినంక దాన్ని కొట్టిన సార్" అన్నాడు. "అప్పటిదాంక ఒక్క దెబ్బ ఎయ్యలే. 'జెయ్యలే నాయినా, జెయ్యలే' అంటనే ఉంది. చేసిన తప్పుకు అబద్ధం గూడ ఆడుతున్నదని ఇంక రెండేసిన."

నేను ఏదో అనబోయాను. ఆయన వినలేదు.

"ఆ మోటర్ డబ్బ అటుక మీద పెట్టుకున్నది. మల్ల ముట్టలే. నేను గూడ అడగలే."

గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. ఏమైందని వాళ్ల భాషలో అడిగింది. ఆయన నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పాడు. ఆమె విని, నా వైపు చూసి, ఒకే ఒక్క మాట అంది. నాకు ఆ భాష రాదు. ఆయన దాన్ని తెలుగులో చెప్పలేదు. నేనూ అడగలేదు. కాసేపటికి లేచి, పోయొస్తానన్నాను. ఆయన మంచం ఎత్తి గోడకు ఆనించాడు.